రాత్రి పని ఎందుకు ఆగింది? ముందు రిజిస్టర్ చూడండి



ఈ పేజీలో ఎప్పుడూ గిర్ణి సంగతులే రాస్తుంట. ఈ నెల కంప్యూటర్ సంగతి రాస్తున్న. నవ్వకండి. నాలుగో తరగతి చదివినోడికి కంప్యూటర్ ఏం తెలుస్తదని అనుకోకండి. యంత్రం ఏదైనా సరే, అది ఆగితే అడగవలసిన ప్రశ్నలు ఒక్క తీరుగనే ఉంటయి. రింగ్ ఖాతాలో, సాంచాల ఖాతాలో ఇన్నేండ్లు నిలబడి నేను నేర్చుకున్నది అదే.

రాయడానికి కారణం ఉంది. మన షోలాపూర్ గల్లీల్లో ఇప్పుడు గిర్ణి పాళీకి పోయేవాళ్లు తక్కువ. బీడీలు చుట్టిన తల్లుల బిడ్డలు, సాంచాలు నడిపిన తండ్రుల కొడుకులు పతసంస్థల్లో, దవాఖానల్లో, గోదాముల్లో కంప్యూటర్ ఆపరేటర్లయిండ్రు. రాత్రి పాళీ కూడా చేస్తున్నరు. వాళ్ల పని ఏందో ఇంట్లో పెద్దలకు తెల్వదు. పిల్ల ఏడ్చుకుంట వచ్చి "రాత్రి పని నడవలేదు, నా మీద మెమో ఇచ్చిండ్రు" అంటే, ఏం అడగాలో తోచదు. "నువ్వేదో చేసి ఉంటవు" అని మనమే తిడతం. అందుకే ఆ రాత్రి పని అంటే ఏందో, అది ఎట్ల ఆగుతదో, ఆగితే ఎక్కడ చూడాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్న.

భోంగా కొట్టేది ఎవరు?

ఆఫీసుల్లో సర్వర్ అని ఒక పెద్ద కంప్యూటర్ ఉంటుంది. మిగతా కంప్యూటర్లన్నీ దాన్ని అడిగి లెక్కలు తెచ్చుకుంటయి. అది రాత్రింబవళ్లు నడుస్తనే ఉంటది. దాని ముందు మనిషి కూర్చోడు. పగలంతా జనం పని ఉంటది గనుక బరువు పనులు రాత్రికి పెడతారు. రోజు వసూళ్ల మొత్తం తీయడం, ఖాతాల నకలు తీసి దాచడం, వడ్డీ వేయడం, జీతాల ఫైల్ తయారు చేయడం, ఇసువంటివి. "రాత్రి రెండు గంటలకు ఈ పని చెయ్" అని ముందే రాసి పెడతారు. వేళ కాగానే పని దానంతట అదే మొదలైతది.

గిర్ణిలో భోంగా మోగితే పాళీ మొదలైనట్టు. సర్వర్‌లో ఆ భోంగా కొట్టేవాడి పేరు, విండోస్ సర్వర్ అయితే టాస్క్ షెడ్యూలర్. లినక్స్ సర్వర్ అయితే క్రాన్. ఈ క్రాన్ పాతకాలపుది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో కూర్పులోనే ఉంది. అప్పటికి మన గిర్ణులు మూడు పాళీలు నడుస్తుండె.

ఇట్ల కట్టిన ఒక్కో పనిని టాస్క్ అంటారు. టాస్క్‌లో అయిదు సంగతులు రాసి ఉంటయి. ఎప్పుడు చేయాలి. ఏం చేయాలి. ఎవరి పేరు మీద చేయాలి. ఏ షరతుల మీద చేయాలి. మధ్యలో అడ్డం వస్తే ఏం చేయాలి. ఈ అయిదింటిలో ఏది తప్పినా పని ఆగుతది.

ముందే రాసిన ఆజ్ఞ ప్రకారం యంత్రం నడవడం మనకు కొత్త కాదు. మన షోలాపురి చద్దర్ మీద పూలు ఎట్ల వస్తయి? జకార్డ్ మీద రంధ్రాల అట్టలు వరుసగా తిరుగుతయి. ఏ పడుగు పోగు లేవాలో, ఏది కింద ఉండాలో ఆ రంధ్రాలే చెప్తయి. ఫ్రాన్స్ దేశంలో లియోన్ పట్నపు నేత ఇంటి మనిషి జోసెఫ్ మరీ జకార్డ్ 1800 దాటిన తొలి ఏండ్లలో ఈ ఏర్పాటు చేసిండు. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే వాడాలనుకున్నడు. అంటే కంప్యూటర్ మగ్గం ఇంటికి పరాయిది కాదు. అట్టలో ఒక్క రంధ్రం తప్పు పడితే, మళ్లీ ఆ వరుస వచ్చినప్పుడల్లా పువ్వు చెడుతది. నేసినోడి చేతిలో తప్పు లేకున్నా చెడుతది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు పనికి వస్తది.

చప్పుడు లేకుండా ఆగే పని

ఒక తేడా మాత్రం ఉంది. సాంచా ఆగితే ఖాతా అంతటికీ తెలుస్తది. పేక తెగితే ఫోర్క్ తగిలి సాంచా నిలుస్తది. మంచి సాంచాల్లో పడుగు పోగు తెగినా డ్రాపర్ పిన్ను పడి ఆగుతది. మోత మధ్యలో ఒక్క సాంచా మూగపోతే జాబర్ తల తిప్పి చూస్తడు. జపాన్‌లో సాకిచి టొయోడా పోగు తెగితే తనకు తానే ఆగే మగ్గం చేసే పేరు తెచ్చుకున్నడు. యంత్రం ఆగడం అవమానం కాదు, చెడు బట్ట నేయకుండా కాపాడుతదని ఆయన పద్ధతి.

సర్వర్‌లో రాత్రి పని ఆగితే చప్పుడు లేదు. దీపం లేదు. ఎవరైనా ముందే ఏర్పాటు చేసి పెడితే తప్ప కబురు కూడా రాదు. పొద్దున వచ్చి ఫైల్ వెతికితే లేదని తెలుస్తది. అప్పటికి సాహెబు కోపంగా ఉంటడు. కారణం తెల్వదు కాబట్టి రాత్రి ఎవరు ఉన్నరో వాళ్ల మీద పడతది.

మా గల్లీ పిల్లకు ఇదే అయింది. తల్లి బీడీలు చుట్టి చదివించింది. పిల్ల ఒక ఆఫీసులో రాత్రి పాళీ ఆపరేటర్. ఆఫీసు పేరు రాయను. రోజు కూలీల హాజరు లెక్క కట్టి, జీతాల ఫైల్ బ్యాంకుకు పంపే పని అక్కడ ఉంటది. రాత్రి రెండింటికి టాస్క్ నడిచి ఫైల్ తయారు చేస్తది. పొద్దున ఈ పిల్ల దాన్ని చూసి పంపాలె. మూడు రాత్రులు ఫైల్ రాలేదు. శనివారం కూలీలకు జీతం పడలేదు. శనివారం జీతం పడకపోతే ఆదివారం బజారు ఎట్లయితదో మనకు చెప్పనక్కర లేదు. సోమవారం పిల్ల చేతికి మెమో వచ్చింది. "రాత్రి పాళీలో నిర్లక్ష్యం. మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. లేనిచో జీతం కోత."

యూనియన్ కమిటీలో ఉన్నప్పుడు నేను మెమోలకు జవాబులు రాయించేవాణ్ని. అది తెలిసి తల్లి, పిల్ల ఇద్దరూ వచ్చిండ్రు.

"పెద్దబాపూ, నేను ఆ పనిని ముట్టనే లేదు. అది దానంతట అదే నడుస్తది" అన్నది పిల్ల.

"ముట్టలేదని రాస్తే వాళ్లు నమ్మరు బిడ్డా. ఎందుకు ఆగిందో చూపిస్తే నమ్ముతరు" అన్న.

"సాహెబు ఆ ఫైల్ మీద రెండుసార్లు నొక్కి నడిపిండు. నడిచింది. చూడు, మంచిగనే నడుస్తుంది, రాత్రి నువ్వే ఆపినవ్ అంటున్నడు."

పుణెలో సర్వర్లు చూసే మా మేనల్లుడికి ఫోన్ కలిపిన. వాడు ఒక్కొక్కటి చెప్తుంటే పాత నోట్‌బుక్‌లో రాసుకున్న. గిర్ణిలో మేము అడిగే వరుసనే వాడూ చెప్పిండు. ఆ వరుస ఇదిగో.

వరుసగా అడగవలసినవి

మొదటిది, పని అసలు మొదలైందా? టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే పనుల పట్టీ కనబడుతది. ఒక్కో పని ఎదురుగా నాలుగు గళ్లు చూడాలె. స్టేటస్, లాస్ట్ రన్ టైమ్, నెక్స్ట్ రన్ టైమ్, లాస్ట్ రన్ రిజల్ట్. స్టేటస్ "రెడీ" అంటే వేళ కోసం కాచుకొని ఉంది. "రన్నింగ్" అంటే ఇంకా నడుస్తనే ఉంది. "డిజేబుల్డ్" అంటే ఎవరో మూసి పెట్టిండ్రు. మొదలే కాకపోవడం వేరు, మొదలై చెడిపోవడం వేరు. సాంచా చాలు కాకపోతే మోటారు చూస్తం. చాలు అయి బట్ట చెడితే పడుగు, పేక చూస్తం. ఈ రెండింటిని కలిపేస్తే కారణం ఎన్నటికీ దొరకదు.

రెండోది, రిజల్ట్ గడిలో ఏం అంకె ఉంది? సున్నా ఉంటే పని సరిగ్గా ముగిసిందని యంత్రం మాట. 0ఎక్స్1 ఉంటే లోపలి ప్రోగ్రాం ఏదో చెడిపోయి బయటికి వచ్చింది. 0ఎక్స్2 ఉంటే చెప్పిన ఫైల్ దొరకలేదు. 0ఎక్స్41301 అంటే ఇంకా నడుస్తుంది. 0ఎక్స్41303 అంటే ఇంతవరకు ఒక్కసారి కూడా నడవలేదు. 0ఎక్స్8007052ఇ అంటే పేరు గాని పాస్‌వర్డ్ గాని తప్పు. ఈ చివరిది నోట్‌బుక్‌లో రాసుకొని కింద గీత గీసిన. పిల్ల టాస్క్ ఎదురుగా ఉన్నది అదే.

మూడోది, చరిత్ర. టాస్క్ మీద నొక్కితే హిస్టరీ అనే పేజీ ఉంటది. ఎన్ని గంటలకు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎందుకు ఆగింది అన్నీ అక్కడ రాస్తది. 100 అంటే మొదలైంది. 102 అంటే ముగిసింది. 101 అంటే మొదలు కాలేకపోయింది. 104 అంటే పేరు, పాస్‌వర్డ్ కుదరక లోపలికి పోలేకపోయింది. 322 అంటే ముందటి పని ఇంకా ముగియలేదు కాబట్టి కొత్తది మొదలు పెట్టలేదు. ఈ రిజిస్టర్ చానా చోట్ల మూసి ఉంటది. కుడి పక్కన "ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ" నొక్కితేనే రాయడం మొదలు పెడతది. అది నొక్కడానికి అధికారం ఉండాలె. పిల్లలకు ఒక మాట. అధికారం లేనిది మీరు ముట్టకండి. "హిస్టరీ తెరిపించండి" అని సాహెబుకు కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి.

నాలుగోది, పని ఎవరి పేరు మీద నడుస్తుంది? ఇక్కడే చానా పనులు చెడతయి. టాస్క్ కట్టేటప్పుడు ఎవరో ఒకరి పేరు, పాస్‌వర్డ్ ఇస్తారు. "ఆ మనిషి కూర్చొని ఉన్నా లేకున్నా నడిపించు" అని గుర్తు పెడతారు. యంత్రం ఆ పాస్‌వర్డ్‌ను దాచుకొని రోజూ రాత్రి అదే చూపి లోపలికి పోతది. తర్వాత ఆ మనిషి పాస్‌వర్డ్ మార్చుకుంటే టాస్క్‌కు ఆ సంగతి తెల్వదు. పాత తాళంచెవి పట్టుకొని కొత్త తాళం దగ్గర నిలబడతది. తలుపు తెరుచుకోదు. గిర్ణిలో బదిలీవాడు పాత జాబర్ సంతకం ఉన్న పాసు పట్టుకొని వస్తే గేటు కాడ ఆపేస్తుండె. అట్లనే ఇది.

సాహెబు రెండుసార్లు నొక్కితే ఎందుకు నడిచింది? ఆయన తన పేరు మీద, తన తాళంచెవితో నడిపిండు కాబట్టి. పగలు చేత్తో నడిచినంత మాత్రాన రాత్రి నడుస్తదని కాదు. ఈ ఒక్క సంగతి తెల్వకనే చానా మంది పిల్లల మీద నింద పడతది.

పిల్ల కాగితం ఇచ్చిన తర్వాత ఆఫీసు వాళ్లు హిస్టరీ తెరిచిండ్రు. ఆ రాత్రి రెండింటికి 101, 104 పడినయి. "ఇది నిన్నటిది. ఆ మూడు రాత్రుల సంగతి దీంట్లో ఏది?" అన్నరట. అడిగింది న్యాయమే. మేనల్లుడు ఫోన్‌లో ఇంకో దారి చెప్పిండు.

"మామా, ఖాతా రిజిస్టర్ మూసి ఉన్నా గేటు రిజిస్టర్ వేరే ఉంటది. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ చూడమను. లోపలికి రానీయకుండా ఆపిన ప్రతి ఒక్కరినీ 4625 నంబరు కింద రాస్తది. లాగాన్ టైప్ 4 ఉంటే అది మనిషి కాదు, వేళకు కట్టిన పని."

చూసిండ్రు. మూడు రాత్రులు, సరిగ్గా రెండు గంటలకు, 4625. టైప్ 4. ఒకటే పేరు. ఆ పేరు ఎవరిది? కొన్నాళ్ల కింద ఉద్యోగం నుంచి దిగిపోయిన పాత అధికారిది. టాస్క్ ఆయన కట్టింది. మొదటి రాత్రికి ముందటి రోజు ఆఫీసు వాళ్లే ఆయన పాస్‌వర్డ్ మార్చిండ్రు. మార్చడం మంచి పనే. ఆయన పేరు మీద ఏమేం పనులు నడుస్తున్నయో ఎవరూ చూడలేదు, అంతే.

ఆ పేజీలు అచ్చు తీయించి మెమో జవాబుకు కలిపినం. టాస్క్‌ను కొత్త పేరు మీదికి మార్చి అదే పూట నడిపితే ఫైల్ వచ్చింది. కూలీలకు జీతం పడింది. మెమో వెనక్కి తీసుకున్నరు. తప్పు మాదే అని ఎవరూ అనలేదు. పిల్ల జీతం మాత్రం కోతపడలేదు.

మన పిల్ల సంగతి నాలుగో ప్రశ్న దగ్గరే తేలింది. మీ పిల్లలది ఇంకో చోట తేలొచ్చు. అందుకే మిగతావి కూడా రాస్తున్న.

అయిదోది, పని ఎక్కడ నిలబడి చేస్తుంది? టాస్క్‌లో "స్టార్ట్ ఇన్" అని గడి ఉంటది. ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నయో అక్కడ రాయాలె. ఖాళీగా ఉంటే యంత్రం తన సిస్టమ్ ఫోల్డర్‌లో నిలబడి వెతుకుతది. కండెలు రింగ్ ఖాతాలో ఉంటే సాంచాల ఖాతాలో వెతికినట్టు. ఇంకొకటి ఉంది. పగలు మనకు జెడ్, వై అనే డ్రైవ్‌లు కనబడతయి. అవి మనం లోపలికి వచ్చినప్పుడు మన పేరు మీద కలిపినవి. రాత్రి టాస్క్‌కు అవి కనబడవు. కాబట్టి డ్రైవ్ అక్షరం కాకుండా అవతలి కంప్యూటర్ పేరుతో పూర్తి దారి రాయాలె. ప్రోగ్రాం మధ్యలో "సరేనా?" అని డబ్బా వేసి అడిగేది అయితే కూడా పని చెడుతది. రాత్రి ఆ డబ్బా ఎవరికీ కనబడదు. జవాబు కోసం అట్లనే కాచుకొని ఉంటది. మర్నాటి పని కూడా దాని వెనుక ఆగుతది.

ఆరోది, షరతులు. "కండిషన్స్" అనే పేజీలో "కరెంట్ మీద ఉంటేనే మొదలు పెట్టు" అన్నదానికి ముందే గుర్తు ఉంటది. సర్వర్‌ను యూపీఎస్‌తో తీగ కలిపి ఉంచితే, కరెంట్ పోయినప్పుడు యంత్రం తాను బ్యాటరీ మీద ఉన్నానని అనుకుంటది. ఆ గంటలో పని వస్తే మొదలు పెట్టదు. "సెట్టింగ్స్" పేజీలో "వేళ తప్పితే వీలైనంత తొందరగా నడుపు" అన్నదానికి మాత్రం ముందే గుర్తు ఉండదు. మనమే పెట్టాలె. లేకుంటే రెండింటికి సర్వర్ ఆగి ఉండి రెండుంబావుకు లేస్తే, ఆ రాత్రి పని పోయినట్టే. మర్నాడు రెండు దాకా కాచుకుంటది.

ఏడోది, గడియారం. సర్వర్ గోడ మీద గడియారం మన గోడ మీద గడియారం ఒకటే కావాలని లేదు. కిరాయికి తీసుకున్న సర్వర్లు చానా వరకు లోకమంతటికీ ఉమ్మడి వేళ మీద నడుస్తయి. మన వేళ దానికన్నా అయిదున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి పదకొండున్నర అని రాస్తే మనకు తెల్లారి అయిదింటికి నడుస్తది. "పని ఆగింది" అని నాలుగింటికి లొల్లి చేస్తే అది ఇంకా మొదలే కాలేదన్నమాట. తారీఖు కూడా చూడాలె. నెలాఖరు పనికి 31 అని రాస్తే ముప్పై రోజుల నెలల్లో, ఫిబ్రవరిలో నడవదు. అక్కడ "లాస్ట్" అని వేరే గుర్తు ఉంది, అది పెట్టాలె. నెలాఖరు వడ్డీ, నెలాఖరు జీతం పనులకు ఇది ముఖ్యం.

ఎనిమిదోది, అన్నిటికన్నా పెద్దది. సున్నా వచ్చిందని నమ్మి ఊరుకోవద్దు. సున్నా అంటే ప్రోగ్రాం "నా పని అయిపోయింది" అని చెప్పి పోయింది, అంతే. పని నిజంగా అయిందని కాదు. పది ఆజ్ఞలు వరుసగా రాసిన ఫైల్‌లో నాలుగోది చెడి, పదోది మంచిగా ముగిస్తే సున్నానే చూపించొచ్చు. సాంచా రాత్రంతా తిరిగినంత మాత్రాన బట్ట మంచిదని రాస్తమా? తెల్లారి బట్ట విప్పి దీపం ముందు చూసేవాళ్లం గదా. ఇక్కడా అంతే. ఫైల్ తీసి చూడాలె. తారీఖు ఇవాళ్టిదేనా? సైజు నిన్నటితో పోలిస్తే చిన్నదైందా? ఖాతాల నకలు అయితే అప్పుడప్పుడు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలె. తెరుచుకోని నకలు ఉండీ లేనట్టే. మంటలు లేచిన రోజు బావి తవ్వితే నీళ్లు రావు.

లినక్స్ మీద పనిచేసే పిల్లలకు రెండు మాటలు. క్రాన్ పట్టీలో అయిదు గళ్లు ఉంటయి. నిమిషం, గంట, తారీఖు, నెల, వారం. తారీఖు, వారం రెండూ రాస్తే ఆ రెండింటిలో ఏది కలిసినా నడుస్తది, రెండూ కలవాలని చూడదు. ఇది చానా మందిని తిప్పలు పెడుతది. మీరు కూర్చొని నడిపేటప్పుడు యంత్రానికి తెలిసిన దారులు క్రాన్‌కు తెల్వవు, పూర్తి దారి రాయండి. వేళకు యంత్రం ఆగి ఉంటే క్రాన్ ఆ పని వదిలేస్తది. ప్రశ్నల వరుస మాత్రం ఇదే. మొదలైందా, ఎవరి పేరు, ఎక్కడ, ఏ వేళ, ఫలితం ఏది.

పిల్లలకు, పెద్దలకు

ఇగ ఇందులో మన సంగతి ఏందంటే, యంత్రం చెడితే మనిషిని పట్టుకునే అలవాటు గిర్ణి కాలం నాటిది. బట్టలో మచ్చ పడితే నేతగాడి జీతం కోసేది. మచ్చ నూలులో ఉందా, పన్నెలో ఉందా, తేమలో ఉందా అని తర్వాత చూసేది, ఒక్కోసారి చూడకనే పోయేది. నష్టం పేరుతో కోత పెట్టే ముందు కార్మికుడికి కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండె. ఆ మాట పట్టుకొనే మేము జవాబులు రాసేది. అవకాశం ఇచ్చినా చేతిలో రుజువు లేకుంటే ఏం చెప్పుకుంటం? గిర్ణిలో రుజువు సాక్షి నోటిలో ఉండె. సాక్షి భయపడితే పోయేది. సర్వర్‌లో రుజువు రాసి ఉంటది. దానికి జాబర్ భయం లేదు. అయితే ఆ రాత కొన్నాళ్లే ఉంటది. జాగా నిండితే పాతది చెరిగి కొత్తది పడతది. కాబట్టి మెమో వచ్చిన రోజే ఆ రాత దాచమని కాగితం ఇవ్వాలె.

రాత్రి పాళీ చేసే పిల్లలు చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ పని ఎన్నింటికి నడవాలి, నడిచిందా, రిజల్ట్ ఏం అంకె, ఫైల్ సైజు ఎంత, రోజుకు ఒక వరుస రాయండి. అయిదు నిమిషాల పని. పని ఆగిన రాత్రే పై వాళ్లకు కబురు పెట్టండి, పెట్టిన వేళ రాసుకోండి. కొత్తగా పనిలో చేరితే, రాత్రి టాస్క్‌లు ఎవరెవరి పేర్ల మీద నడుస్తున్నయో పట్టీ అడిగి చూడండి. దిగిపోయినవాళ్ల పేరు కనబడితే పై వాళ్లకు చెప్పండి. ఒక మనిషి పేరు మీద కాకుండా ఆ పనికే వేరే పేరు పెట్టమని అడగండి. విండోస్ సర్వర్ 2012 నుంచి పాస్‌వర్డ్‌ను యంత్రమే మార్చుకుంటూ చూసుకునే ఖాతాలు కూడా ఉన్నయి. పని ఆగితే ఫోన్‌కు కబురు వచ్చే ఏర్పాటు చేయమని అడగండి. పోగు తెగితే ఆగి చెప్పే సాంచా లాంటిదే అది.

ఇంట్లో పెద్దలకు ఒక్కటే మాట. పిల్ల మెమోతో వస్తే ముందే తిట్టకండి. కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, అడగండి. "పని మొదలైందా బిడ్డా? ఎవరి పేరు మీద నడుస్తుంది? రిజిస్టర్‌లో ఏం రాసింది?" ఈ మూడు అడగడానికి చదువు అక్కర లేదు. మీరు అడిగితే పిల్లకు కూడా ఎటు చూడాలో తోస్తది.

ఈ పేజీ కత్తిరించి రాత్రి పాళీకి పోయే పిల్లల డబ్బా సంచీలో పెట్టండి.